వాలుకు పైపక్క

ఉదయగిరి,
జులై 6.

ఏటవాలు మీద నిలబడని బండిని నిలబడుతుందని చూపించి అమ్మాము. దాని కింద పడి ఒక మనిషి పోయాడు. బతికిన మనిషి మీద నేరం మోపారు. ఇది మనం చేసిన పని, మామా. ఈ ఉత్తరంలో నీకు వందనాలు రాయను.

ఫోన్ చేస్తే "సైట్‌లో ఉండాను, తర్వాత చేస్తా" అని పెట్టేస్తున్నావు. కాగితాన్ని అట్లా పెట్టేయలేవు కదా. సైఫుల్లా ఎట్లాగూ కంపెనీ వ్యాన్ వేసుకుని ఆత్మకూరు యార్డుకీ, ఇక్కడి ట్రయల్ గ్రౌండుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. అతని చేతికే ఇస్తున్నాను.

పోయిన నెల సరిహద్దు దళం క్యాంపుకు అతన్ని సర్వీసింగ్ పనికి పంపింది నువ్వే. తిరిగొచ్చాక నాలుగు రోజులు పనికి రాలేదని తిట్టింది కూడా నువ్వే. ఎందుకు రాలేదో మాత్రం అడగలేదు. నిన్న మా ట్రాక్టరు షెడ్డు దగ్గర కూర్చుని నాకు చెప్పాడు.

అక్కడ గురుస్వామి అని ఒక డ్రైవరు ఉన్నాడు. చిత్తూరు వైపు మనిషి, తెలుగు మాట్లాడతాడు. మనం దళానికి అమ్మిన బండి వేసుకుని కొండ పక్కగా అడ్డంగా పోతుంటే అది లోయ వైపు దొర్లింది. అతనికి చెయ్యి విరిగింది. పక్కన కూర్చున్న సిపాయి బండి కిందే పోయాడు. విచారణలో ఏం తేల్చారో తెలుసా? ఈ బండి ఇంతకన్నా నిటారు వాలు మీద ట్రయల్‌లో నిలబడింది, కాబట్టి తప్పు డ్రైవరుదే అని. ఆ ట్రయల్ మనదే. మార్చిలో మన ఉదయగిరి కొండ కింద జరిగిందే.

గురుస్వామి సైఫుల్లాను ఇట్లా అడిగాడంట: "మీ ఊర్లో ఎవరో పెద్దాయన దీన్నే ఇంకా పెద్ద వాలు మీద తోలినాడంట కదన్నా. ఆయన స్టీరింగ్ ఎట్లా పట్టినాడో కనుక్కోని చెప్పు. నా చేతిలో తప్పు ఎక్కడ పోయిందో నాకు తెలవడం లా."

సైఫుల్లా టీ గ్లాసు అక్కడే పెట్టి బయటికి వచ్చేశాడు. "జెస్సీ, అన్నం తినేటప్పుడు కూడా ఆయన కట్టు కట్టిన చెయ్యే కనపడతా ఉండాది," అన్నాడు.

నువ్వు స్టీరింగ్ ఎట్లా పట్టావో నాకు తెలుసు. అందరూ పట్టినట్టే పట్టావు. వాలుకు పైపక్క, బండి బయట మెట్టు మీద నేనూ సైఫుల్లా నిలబడి, నడుములు వెనక్కి వేసి వేలాడాము. బండి నిలబడింది మా బరువుకు. గురుస్వామికి పైపక్క వేలాడే వాళ్ళు ఎవరూ లేరు.

ఆ సంగతి కంపెనీకీ, దళానికీ నీ చేత్తో రాయి. ట్రయల్ ఇన్‌చార్జ్‌వి నువ్వు. నేను రాస్తే ఫిట్టరు పిల్ల కోపంతో రాసిందంటారు.

జెస్సికా.

ఆత్మకూరు,
జులై 11.

చిరంజీవి జెస్సికాను ప్రభువు కాపాడును గాక. నీ మేనమామ సురేంద్రబాబు రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. అక్క రెబెకమ్మకూ, బావకూ నా వందనాలు చెప్పు. అక్క పంపిన ఉసిరికాయ ఊరగాయ యార్డులో అందరూ కలిసి ఒక్క పూటలో ఖాళీ చేశారు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వు వచ్చింది. తర్వాత బాధ వేసింది. నన్ను దొంగను చేశావే అమ్మాయి. మన వైపు కొండ కింద చేలల్లో ట్రాక్టరు అడ్డంగా పోవాలంటే మీ నాయన ఏమంటాడు? "పైపక్కకెక్కండ్రా" అంటాడు. పై మడ్‌గార్డు మీద ఇద్దరు ఎక్కితే తప్ప మన మనిషి ఎవడూ వాలు దాటడు. లంగా కట్టే వయసు నుంచీ నువ్వూ ఎక్కావు. ఆ రోజు మాత్రం నేనేమైనా పిలిచానా? వాలు రాగానే మీరిద్దరూ మీ అంతట మీరే ఎక్కారు. అది మన చేతులకూ కాళ్ళకూ ఉన్న అలవాటు. దానికి మోసం అని పేరు పెడతావా?

ఆ సిపాయి కోసం నేనూ ప్రార్థన చేశాను. కానీ ఆ కొండలు వేరు, అక్కడి మంచు వేరు, డ్రైవరు వేరు. విచారణ చేసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు. మనం ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పకూడదు.

ఇంకో మాట. రెండో బ్యాచ్‌కు ఆర్డరు వచ్చేటట్టుంది. మళ్ళీ ఉదయగిరిలోనే ట్రయల్. మేనేజర్ చంద్రమోహన్ సారు పాత టీమే కావాలంటున్నారు. మొదటి బ్యాచ్ పోయాకే కదా ఆత్మకూరులో ఇంతమంది పిల్లలకు చేతినిండా పని దొరికింది. వాళ్ళ ముఖాలు కూడా ఒకసారి గుర్తు చేసుకో. సెలవు చాలించి వచ్చెయ్. ఈ విషయాలు ఫోన్‌లో ఎవరితోనూ మాట్లాడొద్దు.

నీ మామ.

ఉదయగిరి,
జులై 20.

మామా,

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నా కోపం సగం పోయింది. నిజమే కదా, నువ్వు పిలవకముందే ఎక్కాము కదా అనుకున్నాను. అలవాటు మీదకి తోసేస్తే ఎంత హాయిగా ఉంటుందో ఒక రోజంతా చూశాను.

తర్వాత ట్రయల్ గ్రౌండుకు పోయాను. మార్చిలో షామియానా వేసిన గుంతలు ఇంకా పూడలేదు. వాలుకు కిందిపక్క, నెత్తిన ఎండ పడే చోట ఉన్నాయి. పైపక్క పెద్ద బండ ఉంది, దాని కింద మధ్యాహ్నం దాకా నీడే. ఆఫీసర్లను నీడ వదిలి ఎండలో ఎందుకు కూర్చోబెట్టారా అని షామియానాల లాల్ బాషాను అడిగాను. దుకాణం ముందు కుర్చీలు కడుగుతున్నాడు.

"నేను పైనే తవ్వినానమ్మా," అన్నాడు. "రెండు గుంతలు తీసినాక మీ మామ వచ్చి పూడ్పించినాడు. కిందికి దిగమన్నాడు. ఎండ ఎదురుగా కొడతాది సార్ అంటే, కొట్టనీ, కింద నుంచి చూస్తేనే బండి బాగా కనపడతాది అన్నాడు."

"ఎందుకని నువ్వు అడగలేదా భాయ్?"

"నేను పెళ్ళిళ్ళకు వేసేవాడిని. వాళ్ళు పెళ్ళికొడుకు మొహం కనపడాలంటారు, మీ మామ బండి కడుపు కనపడాలన్నాడు. గిరాకీ ఎట్లా చెబితే అట్లా వేస్తాను."

సైఫుల్లాను పిలిచి వ్యాన్ వాలు మీద అడ్డంగా పెట్టమన్నాను. అతన్ని పైపక్కకు పోయి వంగమన్నాను. నేను ఆఫీసర్లు కూర్చున్న చోట కూర్చున్నాను. సైఫుల్లా కనపడలేదు మామా. టోపీ కూడా కనపడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు సిపాయిల బరువుకు బదులు పెట్టిన ఇసుక మూటల మీద నువ్వు టార్పాలిన్ ఎత్తుగా కప్పించావు. మేము ఎక్కగానే "వంగండి, కంప తగులుతాది" అన్నావు. నేను మళ్ళీ పోయి చూశాను. ఆ దారిలో ఎక్కడా తల ఎత్తున కంప లేదు.

అలవాటు కోసం ఎవరూ గుంతలు పూడ్పించరు.

నీకు ముందే తెలుసా? ఔననో కాదనో రాయి. ప్రభువును మధ్యలోకి తేవొద్దు.

జెస్సికా.

ఆత్మకూరు,
జులై 29.

జెస్సికాకు,

ఇట్లాంటి మాటలు కాగితం మీద పెట్టొద్దని చెప్పాను. వినలేదు. ఊర్లో షామియానా వాళ్ళను కూడా విచారిస్తున్నావు. పెద్దదానివయ్యావు.

సరే, అన్నీ తవ్వాలంటే నీ ముందున్న గుంత కూడా తవ్వు. ఆ బండి పైన తుపాకీ స్టాండు, సామాన్ల ర్యాకు కావాలని దళం వాళ్ళు అడిగితే వెల్డింగ్ చేసింది ఎవరు? "పైన బరువు ఎక్కువవుతాది, పలుచటి పలక వెయ్యి" అని నేను చెప్పానా లేదా? "పలుచటిది ఊడితే నా పేరు పోతాది మామా" అని మందం పలక వేసింది ఎవరు? ఆ బండికి తలబరువు పెట్టింది నీ చెయ్యి. ఆఫీసరు నీ అతుకు వేలితో తడిమి చూసి మెచ్చుకుంటే నువ్వు ఎంత సంబరపడ్డావో నేను పక్కనే నిలబడి చూశాను.

నా మీద వేలు చూపేటప్పుడు మిగతా వేళ్ళు ఎటు ఉన్నాయో చూసుకో.

చదివి చించెయ్.

సురేంద్రబాబు.

ఉదయగిరి,
ఆగస్టు 10.

మామా,

చించలేదు. షెడ్డులో వెల్డింగ్ రాడ్ల డబ్బాలో పెట్టుకున్నాను. రాడ్ తీసిన ప్రతిసారీ కనపడుతుంది. నువ్వు కొట్టిన దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. అందుకే జవాబుకు ఇన్ని రోజులు పట్టింది.

ఔను, మందం పలక నేనే వేశాను. నా అతుకు ఊడకూడదనుకున్నాను గానీ, ఆ అతుకు మోసే బండి ఏమవుతుందని అనుకోలేదు. అది ఊడలేదు కూడా. సైఫుల్లా చూశాడు. బండి నుజ్జునుజ్జయింది, నేను చేసిన ర్యాకు మాత్రం వంకర పోలేదంట. ఆ మాట విన్నప్పటి నుంచి నాగలి కర్రుకు అతుకు వేస్తున్నా చేతులు ఆగిపోతున్నాయి. నాయన చూసి, "ఏందే, కరెంటు పోయినట్టు నిలబడతావు?" అంటున్నాడు.

నువ్వు రాయనిది ఇంకొకటి ఉంది, అది నేనే రాస్తాను. ట్రయల్ అయిపోయాక ఆ ఆఫీసరు నిన్ను అడిగాడు గుర్తుందా, బండి మీద డ్రైవరు కాక ఎవరైనా ఉన్నారా అని. ఆయన భాష నాకు రాకపోయినా ఆ మాట అర్థమైంది. నువ్వు లేరని తల ఊపావు. నేను నీ వెనకే నిలబడి చున్నీకి పట్టుకున్న పల్లేరుకాయలు ఏరుకుంటున్నాను. తల ఎత్తలేదు. తర్వాత ఆయన నా వెల్డింగ్‌ను మెచ్చుకుంటే మాత్రం ఎత్తాను.

ఇదంతా రాశానని నీ పాపం తగ్గిందనుకోవద్దు. నాది కూడా దాని పక్కన పెట్టాను, అంతే.

మొన్న సైఫుల్లా ఫోన్ నుంచి గురుస్వామితో మాట్లాడాను.

"అన్నా, నేను ఉదయగిరి నుంచి. ఆ బండి చేసేకాడ పని చేసినాను," అన్నాను.

"చెప్పమ్మా. ఆ పెద్దాయన ఏమన్నాడు?"

ఆశగా అడిగాడు మామా. ఇంకా నీ దగ్గర పాఠం నేర్చుకుందామనే ఉన్నాడు. "ఆ రోజు బండికి పైపక్క ఇంకా ఇద్దరు వేలాడతా ఉండారన్నా. అందులో నేనొకదాన్ని," అన్నాను.

"అయితే నా చేతిలో తప్పు లేదా?" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

లేదన్నాను.

"నువ్వు చెబితే నా మనసు కుదుటపడతాది తల్లీ. మీ పెద్దాయన చెబితేనే నా మీద కేసు పోతాది. ఆ పోయిన పిల్లోడి అమ్మ ఫోన్ చేస్తా ఉండాది. బండి అట్లా ఎందుకు తోలినావు నాయనా అని అడగతాది. అరవదు. ఊరికే అడగతాది. ఆమెకు ఏం చెప్పాలో మీ పెద్దాయన్ని అడిగి చెప్పు."

అడుగుతున్నాను. ఆమెకు ఏం చెప్పాలి?

జెస్సికా.

ఆత్మకూరు,
ఆగస్టు 26.

జెస్సీ, తల్లీ,

ఆమెకు ఏం చెప్పాలో నాకు తెలియదు. రోజూ మొదలుపెట్టి మడిచేస్తున్నాను.

నీకు ముందే తెలుసా అని అడిగావు కదా. తెలుసు. ట్రయల్‌కు ముందు వారం ఇసుక మూటలతో ఒక్కడినే ఆ వాలు ఎక్కాను. సగం దాటేలోపే పైచక్రాలు లేచాయి. దూకేశాను. బండి ఒక పొర్లు పొర్లి రాయికి తట్టుకుని ఆగింది. అప్పుడే నా పక్కటెముక విరిగింది. చర్చిలో బాప్తిస్మపు తొట్టి కడుగుతూ మెట్ల మీద జారానని మీ అమ్మకు చెప్పాను. అక్క పరుగున వచ్చి పసుపు వేడి చేసి కట్టు కట్టింది. దేవుడి పని చేస్తూ పడ్డావు, ఆయనే బాగు చేస్తాడని ప్రార్థన చేసింది. కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను.

చంద్రమోహన్ సారుకు చెప్పాను. చెప్పలేదనుకోవద్దు. "ఇప్పుడు చక్రాల మధ్య వెడల్పు పెంచుతూ కూర్చుంటే ఆర్డరు వేరే వాళ్ళకు పోతుంది, తర్వాత మోడల్‌లో చూద్దాం. నీ పద్ధతి నీకుంది కదా సురేంద్రా, దాటించు," అన్నాడు. నా పద్ధతి ఏమిటో ఆయనకు తెలుసు. షామియానా ఆలోచన మాత్రం నాదే. దాన్ని ఆయన మీద వేయను.

ఆదివారం సరిహద్దుల్లో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థన చేయడం ఎప్పుడూ నా వంతే. ఈ మధ్య నోరు తిరగడం లేదు. గొంతు బాగా లేదని చెప్పి కొండలయ్య చేత చేయిస్తున్నాను. ఎవరైనా మంచి గొంతు సార్ మీది అంటే అక్కడి నుంచి లేచిపోతున్నాను.

రెండో బ్యాచ్ ట్రయల్ వచ్చే గురువారం. చక్రాలు మార్చలేదు. రంగు మాత్రం మార్చారు. అదే వాలు, అదే మూటలు. డ్రైవరు నేనే. నేను కాదంటే ఇంకో కుర్రవాడిని ఎక్కిస్తారు, వాడికి ఈ సంగతి తెలియదు. అందుకే ఒప్పుకున్నాను.

నువ్వూ సైఫుల్లా ఈ ఒక్కసారికి రండి. ఇది దాటిస్తే నేను పని మానేస్తాను, ఆ తర్వాత గురుస్వామి కోసం నువ్వు ఏం రాయమంటే అది రాస్తాను. మీరు పైపక్కకు ఎక్కకపోతే బండి దొర్లుతుంది. స్టీరింగ్ దగ్గర ఉండేది నేను. ఆ పక్కటెముక విరిగాక ఇక దూకలేను.

అక్కకు చెప్పొద్దు.

మామ.

ఉదయగిరి,
ఆగస్టు 31, సోమవారం.

మామా,

నన్ను భయపెట్టావు. నీ ప్రాణం తెచ్చి నా చేతిలో పెట్టి, ఎక్కుతావా లేదా అని అడిగావు. చదవగానే వస్తానని సైఫుల్లాతో చెప్పేశాను కూడా. వ్యాన్ కదిలాక గుర్తొచ్చింది, గురుస్వామి పక్కన కూర్చున్న పిల్లవాడి ప్రాణం గురించి మనల్ని ఎవరూ అడగలేదు. మళ్ళీ ఫోన్ చేసి రానని చెప్పాను. "నేను కూడా రానులే. నువ్వు చెప్పేదాకా ఆగినాను," అన్నాడు.

అమ్మకు చెప్పాను. చెప్పొద్దన్నావు గానీ, నువ్వు దాచమన్నవి దాచే పని నేను మానేశాను. చాట కింద పెట్టి, "తొట్టి మెట్ల మీద పడలేదా వాడు?" అంది. లేదన్నాను. "అయితే నేను కట్టు కట్టింది అబద్ధానికా," అని లోపలికి పోయింది. కాసేపటికి బయటికి వచ్చి, "వాడిని ఆ బండి ఎక్కనీయొద్దు. పైపక్క ఎవురున్నా సరే, లేకపోయినా సరే," అంది. మీ అక్క మాట ఇది. నాది ఇది:

గురువారం నువ్వు ఎక్కొద్దు. ఇంకో కుర్రవాడినీ ఎక్కించొద్దు. ఇసుక మూటలతో బండిని వాలు మీద అడ్డంగా పెట్టి, గొలుసుతో పైనున్న పెద్ద బండకు కడదాం. నాయన ట్రాక్టరు తెస్తానన్నాడు, దాన్ని మెల్లగా నిటారు వైపుకు లాగుతాడు. ఎక్కడ పైచక్రాలు లేస్తాయో ఆఫీసర్లు వాళ్ళ కళ్ళతోనే చూస్తారు. ఎవరూ చావరు. చూశాక, మార్చిలో అది ఎందుకు లేవలేదో నువ్వు చెప్పాలి. మెట్టు మీద నేను నిలబడిన చోటు నేను చూపిస్తాను. మందం పలక సంగతి కూడా నేనే చెబుతాను, నువ్వు చెప్పక్కర్లేదు. గురుస్వామి పేరు మాత్రం నీ నోటి నుంచే రావాలి. నువ్వు పని మానేసిన తర్వాత కాదు, ఆ బండి పక్కన నిలబడి, ట్రయల్ ఇన్‌చార్జ్‌గా.

ఆత్మకూరు పిల్లల పని పోతుందంటావు. పోవచ్చు. వాళ్ళకూ నేనే చెబుతాను. మనం చేసిన బండిలో తమ తమ్ముడిని కూర్చోబెడతారా అని ముందు వాళ్ళనే అడుగుతాను.

లాల్ బాషా బుధవారం మధ్యాహ్నం వాసాలు దించుతాడు. ఈసారి షామియానా పైపక్క, బండ నీడలో వేయాలి. ఎక్కడ తవ్వాలో నువ్వు చెప్పేదాకా గడ్డపార పట్టనని నాకు మాటిచ్చాడు.

బుధవారం పొద్దున సైఫుల్లా వ్యాన్ ఇక్కడికి వచ్చేసరికి నీ చేత్తో రాసిన జవాబు అందులో ఉండాలి. పైన వేయమని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టు, చాలు. నేను రోడ్డు మీదే నిలబడి ఉంటాను. ఉత్త వ్యాన్ వస్తే గడ్డపార నేనే పట్టి పైపక్క తవ్వుతాను.

జెస్సికా.